ఊరికే ఇచ్చిన గుర్రం

ఆరు రోజుల కింద 'మబ్బు' రాసిన ఆఖరి మాట ఒకటే. "ఆదివారం మూడు గంటలకు వస్త. నాలుగో కుర్చీ వేసి ఉంచండి." ఆ తర్వాత ఆట లేదు, పలుకు లేదు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూచే దడ్వాయి జయరాజ్ ఆ ఆరు రోజులూ కాంటా ముందర నిలబడే ఉన్నాడు గానీ, మనసు మాత్రం ఆ కుర్చీ చుట్టే తిరిగింది.

అతను చదరంగం నేర్చుకున్నది ముచ్చటపడి కాదు. తమ్ముడు సుకుమార్ పోచంపాడ్ దగ్గర గోదావరిలో శవమై తేలిన తర్వాత, పెట్టె అడుగున ఒక నోటుబుక్కు దొరికింది. నిండా అంకెలు, అక్షరాలు. అవి తమ్ముడు ఇంటర్నెట్‌లో ఆడిన ఆటలని ఎవరో చెప్పారు. చనిపోయినవాడి చేతిరాత చదవాలంటే ఆ భాష రావాలి కదా. ముప్పై నాలుగేళ్ల వయసులో బంటు ఎటు నడుస్తుందో, గుర్రం ఎటు దూకుతుందో ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. రోజూ డ్యూటీ దిగాక పాత బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చునేవాడు. మొదట్లో పరదేశీల చేతిలో పది నిమిషాలకే చిత్తయ్యేవాడు. తర్వాత తనకన్నా కొత్తవాళ్లను అంతే తొందరగా చిత్తు చేసేవాడు. రెండింట్లోనూ పస లేదు. కుస్తీకైనా జోడు కుదిరితేనే అందం. అందుకని తన బలానికి సరితూగేవాళ్లను, అందులోనూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లను వెతుక్కున్నాడు. అట్లా దొరికినవాళ్లే భీమ్‌గల్‌లో లెక్కల మాస్టారు రాజేశ్వర్, పోచంపాడ్ డ్యాం మీద గేట్లు ఎత్తి దించే దేవిదాస్. ఆదివారాలు ముగ్గురూ యార్డు షెడ్డులో బల్ల వేసుకుని ఆడుకునేవారు. ఆట స్నేహమైంది, స్నేహం చుట్టరికంలా ముదిరింది.

మూడో జోడు ఈ 'మబ్బు'. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఊరి పేరు ఆర్మూర్ అని మాత్రం ఉంది. ముప్పై ఒక్క ఆటల్లో పదకొండు అతనివి, పదకొండు మబ్బువి, మిగిలినవి ఎటూ తేలనివి. అంత సరిజోడు మళ్లీ దొరకదు. కానీ ఆట సాగేకొద్దీ జయరాజ్ మధ్యమధ్యలో నోటుబుక్కు తెరిచి చూసుకునేవాడు. అవతలి మనిషి వేసే ఎత్తులు నోటుబుక్కు పేజీల్లోంచి లేచి వస్తున్నట్టుండేవి. ఎవరూ కదిలించని చివరి బంటును మొదట్లోనే ఒక అడుగు ముందుకు నెట్టడం, గెలిచే ఆటలో కూడా మంత్రిని కావాలని మార్చుకోవడం, అన్నీ తమ్ముడివే. ఉండబట్టలేక అడిగాడు, "సుకుమార్ నీకు ఎరుకనా?" అని. దానికి వచ్చిన జవాబే ఆ నాలుగో కుర్చీ.

* * *

ఆదివారం యార్డుకు సెలవు. మార్చి ఎండకు రేకుల షెడ్డు చిటపటలాడుతోంది. టార్పాలిన్లు కప్పిన పసుపు రాశుల మధ్య పావురాళ్లు తప్ప మరో అలికిడి లేదు. వారమంతా వందలమంది అరుపులతో నిండే చోటు అంత నిశ్శబ్దంగా ఉంటే జయరాజ్‌కు ఎప్పుడూ గుబులుగానే ఉంటుంది. ఇవాళ మరీను.

"రాడు జయరాజ్," అన్నారు రాజేశ్వర్ మాస్టారు పావులు సర్దుతూ. "ఇంటర్నెట్‌ల మాట నీళ్ల మీద రాత."

"ఇంక మూడు కాలే సార్. జర ఆగుండ్రి," అన్నాడు దేవిదాస్.

గేటు దగ్గర స్కూటీ ఆగిన చప్పుడైంది. తల చుట్టూ చున్నీ కట్టుకున్న అమ్మాయి ఒకతె షెడ్డులోకి నడిచి వచ్చి, చున్నీ విప్పింది. జయరాజ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. అంకాపూర్ గంగాదాస్ పటేల్ కూతురు దీప. పదేళ్లుగా ప్రతి సీజన్లో వాళ్ల పసుపు తూచేది అతనే. తండ్రి వెంట రెండుమూడు సార్లు యార్డుకు వచ్చింది కూడా.

"ఇయ్యాల యార్డు బందు గదమ్మా. బాపు పంపిండా?"

"బాపు పంపలే అన్న. నేనే వచ్చిన." ఆమె ఖాళీ కుర్చీ వంక చూసింది. "గా కుర్చీ నాకేగద."

మాస్టారు మూతి మీదికొచ్చిన నవ్వును దాచుకుని, బల్లను ఆమె వైపు కొంచెం జరిపారు. దీప కూర్చుంది.

"ముందుగాల ఒక్క ఆట ఆడుదాం," అంది. "గా తర్వాత ఏదడిగినా చెప్త."

తెల్ల పావులు ఆమెవి. మూడో ఎత్తుకే చివరి బంటు ఒక అడుగు ముందుకు జరిగింది. జయరాజ్ తల వంచుకుని ఆడాడు. నోటుబుక్కులో చూసినదీ, కంప్యూటర్ తెర మీద చూసినదీ ఇప్పుడు కళ్లెదుట ఒక చేతి కిందినుంచి వస్తోంది. పదో ఎత్తు దగ్గర ఆమె ఒంటెను కదపబోతూ ఆగింది. చిటికెన వేలితో దాని తల మీద రెండుసార్లు మెల్లగా తట్టి, అప్పుడు ఎత్తింది.

ఆ తట్టడం ఏ నోటుబుక్కులోనూ ఉండదు. ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని, ఒంటరిగా తనతో తానే ఆడుకునే తమ్ముడి వేలు అది. ఆ వేలు మట్టిలో కలిసి రెండున్నరేళ్లైంది. ఇప్పుడు ఇంకెవరి చేతికో మొలిచి, తన బల్ల మీద కదులుతోంది.

అతను తన రాజును పడుకోబెట్టాడు. ఆట అయిపోలేదు, అయినా.

"నాతోని కాదు," అన్నాడు. "చెప్పు. ఎవరు నేర్పిండ్రు నీకు?"

"సుకుమార్."

* * *

మెయిన్ రోడ్డు మీది కంప్యూటర్ సెంటర్లో సుకుమార్ పాఠాలు చెప్పేవాడు. దీప అక్కడ నేర్చుకోవడానికి చేరింది. క్లాసు అయ్యాక మిగిలిన పది నిమిషాల్లో అతను ఆట నేర్పాడు. పది నిమిషాలు అరగంటైంది. ఆమెను 'మబ్బు' అని పిలిచేవాడు, ఎందుకంటే ఎప్పుడు కురుస్తుందో తెలియదని. ఇదంతా ఆమె దాపరికం లేకుండా, కానీ చాలా నిమ్మళంగా చెప్పింది. పెళ్లి చేసుకుందామనుకున్నారు. దీప ఇంట్లో ఒప్పుకోరు, ఇటు సుకుమార్ తల్లి రూత్ భయపడుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక సోమవారం నిజామాబాద్ పోయి కాగితాల మీద సంతకాలు పెట్టాలనుకున్నారు.

"ఏ సోమవారం?"

"ఆయన ఇంట్లకెల్లి పోయిన గా ఆదివారం తెల్లారి."

జయరాజ్ కుర్చీలోంచి లేచాడు. కోపమో దుఃఖమో తేల్చుకోలేని గొంతుతో అన్నాడు: "ఇంత నడిచిందా! మరి గిన్నేండ్లల్ల ఒక్కసారన్న మా ఇంటి గడప తొక్కినవా? మా అవ్వ ఎట్లున్నదో చూసినవా? వాణ్ని మట్టిల పెడుతుంటే పిడికెడు మన్ను పోయనీకన్న వచ్చినవా?"

"వచ్చిన."

"నేను చూడలే."

"ఎట్ల చూస్తవన్నా? సమాధుల తోట బయట, పెర్కిట్ పోయే ఆటోల కూసున్న. దిగనీకి కాళ్లు రాలే. అవ్వను పట్టుకొని నువ్వు నిలవడ్డవ్. నీ అంగికి ఒక బొత్తెం లేకుండె." ఆమె ఆగింది. "గంతవరకు చూసిన."

జయరాజ్ మళ్లీ కూర్చున్నాడు. మాస్టారు, దేవిదాస్ లేచి పోబోతే చేత్తో ఆపాడు.

"ఉండుండ్రి. మీకు గూడ చెప్పని మాట ఒకటున్నది." "గా ఆదివారం పొద్దున వాణ్ని కొట్టిన. ఎప్పుడు చూసినా గా కంప్యూటరేంది, గా ఆటేంది అని. చెంప మీద కొట్టిన. వాడేం అనలే. చెప్పులేసుకొని బయటికి పోయిండు. మల్ల చూసింది దవాఖానల. కాలు జారిండని పోలీసోళ్లు రాసుకున్నరు. నాకు మాత్రం..."

కాంటా మీద బస్తా దబ్బున పడిన ప్రతిసారీ అతనికి ఆ చెంపదెబ్బే వినిపిస్తుంది. రోజుకు మూడు నాలుగు వందల బస్తాలు.

"నాకెరుక," అంది దీప మెల్లగా. "బయటికి పోయినంక నాకు ఫోన్ చేసిండు."

"ఏమన్నడు?"

"‘మా అన్న కొట్టిండు. కొట్టి, ఆయనే ఏడుస్తుండు. నవ్వొచ్చి బయటికొచ్చిన’ అన్నడు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "దూకేటోడు గట్ల మాట్లాడడన్న. రేపు ఏ అంగి వేసుకోవాల్నని అడిగిండు నన్ను."

జయరాజ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. దేవిదాస్ వచ్చి వెనక నిలబడి, మాట్లాడకుండా అతని వీపు మీద చెయ్యి వేశాడు. రెండున్నరేళ్ల బరువు దిగడమంటే అంత తేలిక కాదు. దిగుతున్నప్పుడు కూడా నలుపుతుంది.

* * *

దీప తన సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మడతల దగ్గర చిరగబోతోంది.

"నేను వచ్చింది గదొక్కటి చెప్పనీకి కాదన్న. ఇది మా ఇద్దరి ఆఖరి ఆట. ఒక్కో ఎత్తుకు మూడు దినాల గడువు. తీరిక దొరికినప్పుడు ఎవరి ఎత్తు వాళ్లు వేసేది. ఎత్తు పక్కన తారీఖు పడుతది. ఆఖరుది చూడు."

మాస్టారు కళ్లద్దాలు సరిచేసుకుని కాగితం మీదికి వంగారు. "సుకుమార్ ఎత్తు. సెప్టెంబర్ ఇరవై ఒకటి. బుధవారం." తలెత్తారు. "మరి పిల్లగాడు పోయింది?"

"ఇంట్లకెల్లి పోయింది పద్దెనిమిది, ఆదివారం," అన్నాడు జయరాజ్. "శవం దొరికింది ఇరవై రెండు, బేస్తవారం పొద్దున. నాలుగు దినాలు నీళ్లల్ల నానిందని డాక్టర్ చెప్పిండు."

"గా సైటు గడియారం అమెరికాదేమో?"

తన ప్రశ్నకు తనే జవాబు వెతుక్కుంటూ మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టారు. కాసేపటికి తల అడ్డంగా ఊపారు. "వాళ్లే మనకన్న వెనుక. అక్కడ బుధవారమైతే మనకు బుధవారమన్న కావాలె, బేస్తవారమన్న కావాలె. ఇవతలికి జరుగుతది గని ఆదివారానికి మాత్రం పోదు."

"అయితే వాని పాస్‌వర్డ్ ఎరుకున్నోళ్లు ఎవరో ఆడిండ్రు," అన్నాడు దేవిదాస్.

"నేనూ గదే అనుకున్న. ఎవరో కాదు, మా అన్న సాయిప్రసాద్ అనుకున్న."

ఆ మాట ఎన్నో సార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటలా బయటికి వచ్చింది.

"మా సంగతి మా అన్నకు తెలిసింది. గా ముందటి వారమే సుకుమార్‌ను బెదిరించిండు. గా ఆదివారం ఇంట్ల లేడు. సోమవారం వచ్చిండు, బురద కాళ్లతోని. ఏడికి పోయినవంటే చెప్పలే. బుధవారం గీ ఎత్తు వచ్చింది. చూస్తే పిచ్చి ఎత్తు. గుర్రాన్ని తీస్కపోయి బంటు నోట్ల పెట్టిండు. ఊరికే ఇచ్చిండు. ఆట వచ్చినోడు ఎవడన్న గట్ల ఇస్తడా? మా అన్నకు గుర్రం ఎటు పోతదో గూడ తెల్వదు. సుకుమార్‌ను కొట్టి పాస్‌వర్డ్ గుంజుకున్నడు, నాకు అనుమానం రావొద్దని ఆయన పేరు మీద ఏదో ఒకటి ఆడిండు అనుకున్న. తెల్లారి శవం దొరికింది. ఇంక నా నోరు పడిపోయింది."

"పోలీసులకు చెప్పాలె గదమ్మా," అన్నారు మాస్టారు.

"చెప్తే మా అన్న జైలుకు పోతడు సార్. చెప్పకుంటే నేను మనిషిని కాను. రెండిట్ల నడుమ పడి బతికిన. మా అన్నకు రోజూ అన్నం పెట్టిన. పెట్టేటప్పుడల్ల ఆయన చేతులు చూసిన."

షెడ్డు రేకుల మీద పావురాయి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ లేచింది. సాయిప్రసాద్‌ జయరాజ్‌కు తెలుసు. పోయిన వారమే పక్కన నిలబడి తూకం చూసుకుని, టీ తాగిస్తానన్నాడు.

"గిన్నేండ్లు మూసిన నోరు ఇయ్యాల ఎందుకు తెరిచినవ్?" అన్నాడు కరుకుగా.

"నీతోని ఆడబట్టి."

"నాతోనా?"

"సుకుమార్ పోయినంక ఆట బంద్ చేసిన. ఉండలేక మల్ల మొదలువెట్టిన. పెద్ద ఆటగాళ్లతోని ఆడితే ఎందుకు ఓడిపోతున్ననో తెల్వకపోయేది. చిన్నోళ్లతోని ఆడితే నేర్చుకునేది ఏం లేకపోయేది. నువ్వు దొరికినంకనే నా ఆట పెరిగింది. ఇరవై తొమ్మిదో ఆటల నువ్వు నాకు ఏనుగును ఊరికే ఇచ్చినవ్, యాదికున్నదా?"

"ఉన్నది. తీసుకున్నవ్. ఐదు ఎత్తుల్ల ఆట కట్టింది."

"ఊరికే ఇచ్చేది ఊరికే కాదని గప్పుడు సమజైంది. ఇంటికి పోయి పెట్టె తెరిచి గీ కాయితం తీసిన." ఆమె పావులు కదిలించడం మొదలుపెట్టింది. "పేరుస్త. మీరే చూడుండ్రి."

కాగితం చూసుకుంటూ ఆఖరి ఎత్తు వరకు బల్ల మీద పేర్చింది. తెల్ల గుర్రం నల్ల బంటుకు అందే గడిలో నిరాయుధంగా నిలబడింది. ముగ్గురూ వంగారు. దేవిదాస్ ముందుగా పెదవి విరిచాడు. "తీసుకుంటే అయిపాయె. ఏమున్నది దీంట్ల?"

"తీసుకో దేవిదాసన్నా."

దేవిదాస్ బంటుతో గుర్రాన్ని తీసేశాడు. బంటు పక్కకు జరగడంతో నల్ల రాజు ముందు ఒక సందు తెరుచుకుంది. దీప ఒంటెను ఆ సందులోకి పంపింది. రాజు పక్కకు తప్పుకున్నాడు. ఏనుగు వచ్చింది. మాస్టారు దేవిదాస్‌ను జరిపి తానే నల్లవైపు ఆడారు. వెనక్కి తీసుకుని ఇంకో దారి, మళ్లీ వెనక్కి తీసుకుని మరో దారి. ఏ దారిలో పోయినా ఆరు ఎత్తులకు రాజు గోడకు నొక్కుకుపోతున్నాడు. గుర్రాన్ని తీసుకోకుండా వదిలేస్తే మంత్రి పోతోంది.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఇది ఆట రానోడు వేసిన ఎత్తు కాదు. ఇరవై ఏండ్లకెల్లి ఆడుతున్న. నాకు గూడ కనబడేది కాదు."

జయరాజ్‌కు లెక్కలు అక్కరలేదు. నోటుబుక్కు నలభై మూడో పేజీలో ఒకసారి, తొంభైలో ఒకసారి, చివరి పేజీలో ఒకసారి తమ్ముడు గుర్రాన్ని ఇట్లాగే ఇచ్చాడు. ఇచ్చిన చోట పక్కన చిన్న చుక్క పెట్టుకునేవాడు. ఆ పేజీలు అతనికి ప్రార్థనలా నోటికొచ్చు.

"వాడే," అన్నాడు. "గిది మా తమ్ముడే ఆడిండు."

"గంతే అన్న," అంది దీప. "మా అన్న ఏం పాపం ఎరుగడు. బుధవారం నాడు సుకుమార్ బతికున్నడు."

బతికున్నాడన్న మాట సంతోషంగా వినబడాలి. కానీ నలుగురిలో ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు. దేవిదాస్ ముఖమైతే పాలిపోయింది. ఆ బేస్తవారం పొద్దున డ్యాం గేటు దగ్గర తాడు వేసి శవాన్ని ఒడ్డుకు లాగింది అతనే. ఆ సంగతి జయరాజ్‌కు చెప్పి, కన్నీళ్లు పెట్టుకున్న రోజునుంచే ఇద్దరూ అన్నదమ్ములయ్యారు.

"మరి," అన్నాడు దేవిదాస్, తన అరచేతులు చూసుకుంటూ, "గీ చేతులతోని నేను గుంజింది ఎవరిని?"

"ముఖం లేదు," అన్నాడు జయరాజ్ ఎవరికో చెబుతున్నట్టు. "చేపలు తిన్నయి. అంగి చూసి మా తమ్మునిదే అనుకున్న. నీలం గళ్లది. వానికి నేను కుట్టించినసుంటిదే. నేనే చూసి, నేనే చెప్పిన, వీడే అని. సంతకం గూడ నేనే పెట్టిన."

ఉన్నట్టుండి అతనికి ఇంకొకటి గుర్తొచ్చింది. దవాఖానా వరండాలో తెల్ల గుడ్డ తొలగించినప్పుడు పక్కనున్న తల్లి ఏదో అంది. ఏమందో గుర్తు లేదు. తాను "ఊకో అవ్వా" అని కసిరింది మాత్రం గుర్తుంది.

లేచి మోపెడ్ తాళం తీసుకున్నాడు.

"అన్నా, ఏడికి?"

"మా అవ్వ కాడికి. గీ యాళ్లకు సమాధుల తోటల ఉంటది."

దీప చున్నీ కట్టుకుంది. "నేనొస్త. గప్పుడు దిగలే. ఇయ్యాల దిగుత."

* * *

పెర్కిట్ దారిలో, నల్లటి బండరాళ్ల గుట్ట నీడ పడే చోట ఉంది సమాధుల తోట. ఐదు కావస్తోంది. రూత్ ఒక్కతే ఉంది అక్కడ. పసుపు ఉడకబెట్టే కళ్లాల్లో కూలికి పోయి పోయి మోచేతుల దాకా పచ్చబడిన చేతులతో సమాధి చుట్టూ మొలిచిన గడ్డి పీకుతోంది. సిమెంటు మీద నాలుగు గన్నేరు పూలున్నాయి. కొడుకు వెనకాల ఒక ఆడపిల్ల కనబడేసరికి కొంగు సవరించుకుంది.

"ఎవరు బిడ్డా?"

దీప ఏ వరసతో పిలవాలో తెలియక, వంగి ఆమె కాళ్లు ముట్టుకుంది. రూత్ ఆమెను లేవదీసి, ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగలేదు.

జయరాజ్ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఒకటడుగుత, నిజం చెప్పు. గా దినం దవాఖానల గుడ్డ తీసినప్పుడు నువ్వేమో అన్నవ్. నేను ఊకోమన్న. ఏమన్నవే?"

రూత్ పీకిన గడ్డిని పక్కన కుప్ప వేసింది. తొందరేమీ లేదు ఆమెకు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసినట్టే ఉంది.

"కాళ్లు చూసిన," అంది. "కని పెంచినదాన్ని, నాకు తెల్వదా? అవి నా కొడుకు కాళ్లు కావన్న. నువ్వు ఊకోమన్నవ్. పాస్టరయ్య ఊకోమన్నడు. తల్లి గద, తట్టుకోలేక అంటున్నదన్నరు అందరు. ఊకున్న."

జయరాజ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వాడు ఏడున్నడో ఎరుకనా నీకు?"

"ఎరుకైతే గీడ కూసుంటనారా? పుట్టింట్లకెల్లి తెచ్చుకున్న గొలుసు అమ్మి తిరిగిన రెండు నెలలు, నువ్వు పనికి పోయినంక. బాసర పోయిన, నాందేడ్ పోయిన, రైలు స్టేషన్లల్ల ఫోటో చూపిచ్చిన. ఎవ్వరు చూడలేదన్నరు."

"మరి వాడు కాదని తెలిసి..." అతని చూపు సమాధి మీదికి, దాని మీద చెక్కిన తమ్ముడి పేరు మీదికి పోయింది. "తెలిసి, ఆదివారం తప్పకుండ గీడికెందుకొస్తున్నవ్? గీ పూలు ఎవరికి పెడుతున్నవే?"

రూత్ వంగి, గాలికి పక్కకు జరిగిన ఒక పువ్వును మళ్లీ పైకి సర్దింది.

"ఎవరి కొడుకో బిడ్డా. గీడున్నడని వాళ్లవ్వకు తెల్వదు గద."